సూది కనపడే ఈతకొలను

దొంతంశెట్టి వారింట్లో పుట్టినా, కోడలిగా అడుగుపెట్టినా బుర్ర పాదరసమైపోతుందని మంగాయమ్మ నమ్మకం. తెలివంటే మరేం లేదు, చెప్పింది చెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా చెయ్యడమే. ఆ ఇంట్లో అందరూ అలాగే చేస్తారు. అందుకే వాళ్ళకి పని చెప్పాలంటే ఊరందరికీ భయం.

ఆ ఏడు వాళ్ళు కొబ్బరితోటలో ఈతకొలను కట్టించారు. మంగాయమ్మ మొగుడు తాతబ్బులు కాఫీ హోటల్లో రైసుమిల్లు సుబ్బారాయుడి ముందు తొడగొట్టాడు. "ఆదివారం నాలుగింటికి ప్రారంభం. మొదట దూకేది నేనే. సూదేత్తే అడుగున కనపడాల, లేదంటే ఈ మీసం తీసేత్తాను." అది విని మంగాయమ్మ ఆ మీసానికి దిష్టి తీసింది. పెళ్ళిచూపుల్లో ఆవిడ తలెత్తి చూసింది ఆ మీసాన్నే. తర్వాత మొహం చూసి ఉలిక్కిపడింది గానీ, అప్పటికే తాంబూలాలు పుచ్చేసుకున్నారు.

ఆదివారం పొద్దున్నే నీళ్ళు వడగట్టే మోటారు మొరాయించింది. రెండు నిమిషాలు నీళ్ళు లాగడం, బుస్సుమనడం, ఆపైన ఉత్తినే తిరగడం. కొలనేమో పాచిరంగుకి తిరుగుతోంది. కాకినాడలో ఉన్న మెకానిక్కు ప్రకాశానికి ఫోను చేశారు.

"మోటారు గాలి లాగేత్తందండీ. నాలుగింటి బస్సుకి నేనొత్తాను. ఈలోగా దానికి గాలి అందకుండా చూడండి" అన్నాడతను.

అంతే. మోటారు గది తలుపులు మూశారు, కిటికీలకి గోనెసంచులు కుక్కారు. లోపల మిగిలిన గాలి సంగతి మంగాయమ్మే కనిపెట్టింది. మరిది గంగబ్బుల్ని గదిలోకి తోసి, "మోటారుకి మిగల్చకుండా గట్టిగా పీల్చెయ్యి నాయనా" అంది. అరగంటకి వాడు కళ్ళు తేలేసి బైటపడ్డాడు. "సగం పీల్చానొదినా, మిగతాది నా వల్ల కాలేదు" అని ఏడ్చాడు. మోటారు బుస్సుమంటూనే ఉంది.

మళ్ళీ ఫోను. "గదికి కాదండీ బాబూ. మోటారు మూత తీసి నీళ్ళు పొయ్యండి. నిండాక మూతెట్టి స్విచ్చెయ్యండి."

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ బిందెలెత్తారు. కొలనులో ముంచడం, మోటారులో పొయ్యడం. పోసిన నీళ్ళు పోసినట్టే గొట్టంలోంచి మళ్ళీ కొలనులోకి పోతున్నాయి. నిండాకే మూతెట్టమన్నాడు, అది నిండదే. పన్నెండింటిదాకా పోశారు. మంగాయమ్మకి నడుం పడిపోయింది గానీ ఒక్క సంగతికి మాత్రం మహా ముచ్చటేసింది. "చూశారా, ఇన్ని బిందెలు తోడినా కొలను చుక్క తగ్గలేదు. మనది అక్షయపాత్రండి" అంది మొగుడితో.

మూడోసారి ఫోనులో ఈ సంగతి విన్న మెకానిక్కు లబలబలాడాడు. "ముందు గొట్టం వాల్వు కట్టేసి, అప్పుడు పొయ్యాలండీ. సరే గానీ, కొలను గోడకి నీళ్ళు లాగే కంత ఉంటాది. నీళ్ళు దాని దాకా ఉన్నాయా?"

"జానెడు కిందున్నాయి."

"అదండీ రోగం. కంత తేలిపోతే గాలే లాగుద్ది. నీళ్ళు కంత పైకి రావాల."

నీళ్ళు పైకెలా వస్తాయో మంగాయమ్మకి తెలీదా? గంగాళంలో కూర్చుంటే రావూ? ఇంటిల్లిపాదీ కొలనులో దిగి కూర్చున్నారు. నాలుగు వేళ్ళ మందం లేచాయి. చాలలేదు. గేదెల్ని తోలుకొచ్చారు. ఎనిమిది గేదెలు పెళ్ళివారిలా మెట్లు దిగాయి. కంత మునిగింది. తాతబ్బులు ఒక్కడూ పైకొచ్చి వాల్వు కట్టి, నీళ్ళు నింపి, మూతెట్టి, స్విచ్చేసి వాల్వు తిప్పాడు. మోటారు గుమ్మని అందుకుంది. మీసం దక్కిందని మంగాయమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ కన్నీళ్ళు ఆరకముందే గేదెలు, నీళ్ళలో దిగిన గేదెలు ఏం చేస్తాయో అదే చేశాయి. రెండింటికల్లా కొలనంతా కళ్ళాపి. సూది మాట దేవుడెరుగు, గేదె కాలే కనపడ్డం లేదు.

తాతబ్బులు మీసం మీద చెయ్యేసుకుని గట్టున కూలబడ్డాడు.

"ఏడవకండి" అంది మంగాయమ్మ తనే ఏడుస్తూ. "మీరన్నదేంటి? సూది అడుగున కనపడాలన్నారు. నీళ్ళుండాలని అన్నారా?"

"అన్లేదు."

"మరింకేం."

మోటారు ఆపారు, మనుషుల్నీ గేదెల్నీ బైటికి తోలారు, అడుగు బిరడా లాగేశారు. నీళ్ళన్నీ కొబ్బరిచెట్లు తాగేశాయి.

నాలుగింటికి సుబ్బారాయుడు ఒక సూదినీ, క్షవరాల అప్పన్ననీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా గట్టు చుట్టూ మూగింది. సుబ్బారాయుడు సూది విసిరాడు. అడుగున మిగిలిన పేడబురదలో అది నిటారుగా గుచ్చుకుని తళుక్కుమంది. చిన్నపిల్లలకి కూడా కనపడింది. అప్పన్న కత్తి మడిచేశాడు.

తాతబ్బులికి పట్టపగ్గాల్లేవు. మొదట దూకేది తనే కదా. గట్టెక్కి చేతులు చాచాడు. అప్పుడే బస్సు దిగి పరిగెత్తుకొస్తున్న మెకానిక్కు, "దూకకండి, నీళ్ళు లేవండీ" అని అరిచాడు.

"దూకుతానన్నారు గానీ నీళ్ళలోకని అన్లేదండి" అని సర్దిచెప్పింది మంగాయమ్మ.

దూకాడు. బురద మెత్తగా ఉండబట్టి ఎముకలు మిగిలాయి. లేచి చూస్తే సూది లేదు. వెతగ్గా వెతగ్గా ఆయన మీసంలోనే దొరికింది, పేడలో పీటముడి పడిపోయి. అటు లాగారు, ఇటు లాగారు.

"మీసం తీత్తే గాని సూది రాదండి" అన్నాడు అప్పన్న.

"పోన్లెండి, సూది మీరే ఉంచుకోండి" అన్నాడు సుబ్బారాయుడు జాలిపడి.

మంగాయమ్మకి రోషం పొడుచుకొచ్చింది. "పందెం గెలిచినోళ్ళం. ఒకళ్ళ సూది మాకెందుకు? తీసెయ్యి అప్పన్నా" అంది.

సూది సుబ్బారాయుడి చేతిలో పెట్టాక గాని ఆవిడ మొగుడి కేసి చూడలేదు. చూసి, పెళ్ళిచూపుల తర్వాత మళ్ళీ ఉలిక్కిపడింది.