కళ్ళారా చూసినవాడు

రేవతుడికి ఆ పూట ముద్ద దిగలేదు. సాయంత్రం సంఘం ముందు నిలబడి, తోటి భిక్షువు నాగబోధి దొంగ అని చెప్పాలి.

రోగుల కోసం దాచిన తేనెకుండలో నాగబోధి వేలు ముంచి నాకాడట. మందుల గది ముందు నుంచి పోతూ చూశానంటాడు రేవతుడు. చీమలు పడుతుంటే మూత సరిచేశానంటాడు నాగబోధి. రేవతుడి మాట నిలిస్తే అతని కాషాయం ఊడుతుంది. పదేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గది, ఒకే చాప.

రేవతుడు గురువు చందమిత్ర స్థవిరుడి దగ్గరికి వెళ్ళాడు. సన్యసించక ముందు ఆయన కంటి వైద్యుడు.

"భదంతా, మనసు పీకుతోంది. కానీ కళ్ళారా చూసింది దాస్తే అబద్ధమే కదా?"

"కళ్ళారా చూశావా?"

"నా కళ్ళకు ఏ దోషమూ లేదు భదంతా." ఆ మాటలో కాస్త మిడిసిపాటు కూడా ఉంది. వయసు అలాంటిది, ఏం చేస్తాం!

స్థవిరుడు వాదించలేదు. నేల మీద తెల్లగుడ్డ పరిచి, రెండు గురివింద గింజలు పక్కపక్కన బెత్తెడు ఎడంగా పెట్టాడు.

"ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితో ఎడమ గింజనే చూస్తూ మెల్లగా వంగు. చూపు కదపకు."

ముఖం గుడ్డకు జానెడు పైచిలుకు దూరంలోకి వచ్చేసరికి రేవతుడు ఉలిక్కిపడ్డాడు. "రెండో గింజ పోయింది!"

"అక్కడేముంది?"

"తెల్లగుడ్డే."

స్థవిరుడు ఆ గుడ్డ తీసి, తన కాషాయపు ఉత్తరీయం పరిచాడు. గింజలు మళ్ళీ అలాగే పెట్టి వంగమన్నాడు.

"ఇప్పుడు?"

"కాషాయమే, భదంతా."

"గింజ నేను తియ్యలేదు. దాని మీద గుడ్డ కప్పిందెవరు?"

రేవతుడు వేలితో తడిమాడు. గింజ అక్కడే ఉంది. అతనికి భయం వేసింది.

"కంట్లో పడిన వెలుగు కబురై మెదడుకు పోవడానికి ఒక నరం ఉంది నాయనా. అది కంటిని దాటి బయలుదేరే చోట కన్ను గుడ్డిది. ఆ ఖాళీని మనసు ఊరికే వదలదు."

అంతలో సంఘం కూడే గంట మోగింది.

నాగబోధి తల వంచుకుని నిలబడ్డాడు. పెద్ద భిక్షువు అడిగాడు. "రేవతా, ఏం చూశావు?"

రేవతుడు కళ్ళు మూసుకున్నాడు. మందుల గది. తేనెకుండ. దాని ముందు నాగబోధి. కుండలో ముంచిన వేలి కోసం వెతికాడు.

"అతని వీపు చూశాను భదంతా" అన్నాడు చివరికి. "చెయ్యి నాకు కనబడలేదు."