చెన్నకేశవులు మాట

నసీమాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

పెన్న ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఆమె హైస్కూలు లెక్కల టీచరు. ఇది అందరికీ తెలిసిన సంగతి. ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘నీటిగీత’ అనే పేరుతో కవితలు రాసేది ఆమే. నాలుగైదు లైన్లకు మించని చిన్న కవితలు. పేరుండదు, ఫొటో ఉండదు. నాలుగు లక్షల మంది వాటికోసం ఎదురుచూస్తారు. పెళ్ళి శుభలేఖల మీద వేసుకుంటారు, ఆటోల వెనక రాయించుకుంటారు. నీటిగీత ఒక మిలిటరీ ఆయన అని కొందరు, కాదు, ఆయన ఎప్పుడో పోయాడని ఇంకొందరు వాదించుకుంటారు. ఆ వాదనలు చదివి నసీమా పప్పు తాలింపు వేస్తూ తనలో తాను నవ్వుకునేది. ఏడేళ్ళు అలాగే గడిచాయి.

కిందటి వారం హైదరాబాదులో ఏదో సభ జరిగింది. ఒక కుర్రాణ్ణి వేదిక మీదికి పిలిచి, ఈయనే నీటిగీత అని శాలువా కప్పారు. అతను అవునని అనలేదు. కాదనీ అనలేదు. తల వంచుకుని నవ్వాడు. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి.

ఆ వీడియో చూసినప్పటినుంచి నసీమా నవ్వు పోయింది.

ఆదివారం స్కూలు లాబ్‌లో ఎవరూ లేని వేళ, మంచి దుపట్టా వేసుకుని, తనే ఒక వీడియో తీసుకుంది. ‘నా పేరు నసీమా. నీటిగీత నేనే’ అని మొదలవుతుంది. శుక్రవారం పెట్టాలనుకుంది. అయితే వాళ్ళింట్లో నాన్న కాలం నుంచీ ఒక అలవాటు ఉంది. ఏ పెద్ద పనైనా ఖాదర్ పీర్ సాబ్‌కు చెప్పి, ఆయన సరేనన్నాకే చేస్తారు. నసీమాకు అక్షరాలు దిద్దించిందీ ఆయనే, నమాజు నేర్పిందీ ఆయనే.

జుమేరాత్ నాడు, అంటే గురువారం, స్కూలు వదలగానే దర్గాకు వెళ్ళింది. గలేఫ్ వస్త్రం కప్పిన సమాధి పక్కగదిలో, గోడకానుకుని, పీర్ సాబ్ తన చాప మీద కూర్చుని ఉన్నాడు. జనం ఇంకా రాలేదు.

ఆమె అంతా చెప్పింది. ఏడేళ్ళ సంగతీ, శాలువా సంగతీ, రేపు పెట్టబోయే వీడియో సంగతీ.

“ఎంతమంది చదువుతారన్నావు?” అన్నాడు పీర్ సాబ్.

“నాలుగు లక్షలు, హజ్రత్.”

“అబ్బో!” అన్నాడు ఆయన. వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నాకు చూపించలేదే ఎప్పుడూ.”

“మీకు ఫోను లేదు కదా హజ్రత్.”

“అవును, లేదు” అని నవ్వాడు.

“ఇవి నా మాటలు. నేను కడుపులోంచి తీసి రాసినవి. ఎవరో నా ముందే వాటిని ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకోవాలా? పేరు చెప్పుకోవడానికి అనుమతివ్వండి.”

పీర్ సాబ్ రెండు చేతులూ నేలకానించి, కొంచెం కొంచెంగా పక్కకు జరిగాడు. చాప మీద తను కూర్చున్న చోటు ఖాళీ అయింది. దాన్ని అరచేత్తో తట్టాడు.

“ఇట్లా కూర్చో బేటీ. ఈ పూట వచ్చేవాళ్ళతో నువ్వు మాట్లాడు. నాకు గొంతు బాగాలేదు.”

“నేనా? నాకేం తెలుసు హజ్రత్?”

“నాకు మాత్రం ఏం తెలుసు?” అని ఆయన వెనక్కి వాలి, తస్బీహ్ పూసలు తిప్పుతూ కళ్ళు మూసుకున్నాడు.

ఆ చోటు ఇంకా వెచ్చగా ఉంది. నసీమా ముడుచుకుని కూర్చుంది.

మొదట ఒక ముసలమ్మ వచ్చి మోకాళ్ళ నొప్పులు చెప్పుకుని, తాయెత్తు తీసుకుని వెళ్ళింది. ఆమె వెనకే ఒక జంట లోపలికొచ్చారు. అరవై దాటిన మనిషి, కుడికాలు ఈడుస్తున్నాడు, కుడిచెయ్యి పక్కకు వేలాడుతోంది, ఎడమచేతిలో కర్ర. భార్య భుజం ఆసరాగా ఇచ్చి కూర్చోబెట్టింది. చాప మీద కొత్త మనిషిని చూసి ఆమె కాసేపు తికమకపడింది. పీర్ సాబ్ వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవలేదు.

“ఎలా ఉన్నారన్నా?” అంది నసీమా, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. పెదవులు రెండుమూడు సార్లు కదిలాయి. తర్వాత మెల్లగా, ఒక్కో మాటా వెతికి పట్టుకున్నట్టు అన్నాడు:

“వెళ్ళిపోయినవాళ్ళు తలుపు వేసి వెళ్ళరు.”

నసీమా ఒళ్ళు జలదరించింది.

“బాగుండాను అంటాండాడమ్మా” అంది భార్య. “మాయాయన పేరు చెన్నకేశవులు. బస్సు కండక్టరుగా చేసినాడు. నోరు తెరిస్తే బస్సంతా ఇనపడేది. యాడాది కిందట పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. నా పేరు గూడా పలకలేడు. మూడు నెల్లు ఒక్క మాట లేదు. ఒకదినం పొద్దున్నే మంచం మీద లేచి కూర్చోని ఇది అన్నాడు. మొత్తం నాలుగు వరసలు, తప్పు లేకుండా.”

“ఎలా వచ్చింది?” అని అడిగింది నసీమా.

“మాట పోకముందు ఫోన్లో యాడో చూసి నోటికి పట్టినాడంట. బస్సెక్కినోళ్ళకల్లా చెప్పేవాడు. మాట్లాడే చోటు దెబ్బతినింది, పాటలూ పద్యాలూ ఉండే చోటు మిగిలింది అన్నాడు డాక్టరు. నాకేం తెలుసు? ఇప్పుడు ఉప్పు తక్కువైనా ఇదే, నీళ్ళు కావాలన్నా ఇదే, నామీద కోపమొచ్చినా ఇదే. గొంతును బట్టి నాకు తెలిసిపోతాది. మొన్న మా పాపకు కొడుకు పుట్టినాడు. తాతగదా, చెవిలో పేరు చెప్పు అన్నారు. ఈయన వంగి, ఇదే చెప్పినాడు. ఇంటిల్లిపాదీ ఏడ్చినాం.”

నసీమాకు ఆ నాలుగు లైన్లు రాసిన రోజు బాగా గుర్తుంది. స్టాఫ్ రూమ్ తలుపు గడియ ఊడిపోయింది. గాలికి తలుపు కొట్టుకుంటుంటే విసుగొచ్చి, పేపర్లు దిద్దడం ఆపి, ఫోన్లో టకటకా రాసింది. టీ చల్లారేలోపు అయిపోయింది. అందులో పక్షవాతం లేదు, పసిబిడ్డ లేడు, ఈ మనిషి లేడు. గడియ లేని తలుపు ఒకటే ఉంది.

ఆమె కళ్ళు నిండాయి. చెన్నకేశవులు అది చూశాడు. ముందుకు వంగి ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఏ స్టాపులో దిగాలో తెలియని ప్రయాణికురాలికి చెప్పినట్టు, ఓపిగ్గా చెప్పాడు:

“వెళ్ళిపోయినవాళ్ళు తలుపు వేసి వెళ్ళరు.
దగ్గరగా వేసి వెళతారు.
గాలొచ్చినప్పుడల్లా
ఇల్లు లేచి చూస్తుంది.”

తర్వాత, నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

నసీమా మొదలుపెట్టింది. మొదటి లైను చెప్పింది, రెండోది చెప్పింది. మూడోది రాలేదు. ఎంత వెతికినా రాలేదు. తను రాసిందే, నోటిదాకా వచ్చి ఎక్కడో తప్పిపోయింది. ఆయన గొంతు తగ్గించి అందించాడు: “గాలొచ్చినప్పుడల్లా...”

“పర్లేదులేమ్మా” అంది భార్య. “కొత్తలో ఎవరికైనా అంతే.”

నసీమా ఆమె వైపు తిరిగింది. పేరు మీద ఆశ లోపల ఇంకా కొంచెం మిగిలి ఉన్నట్టుంది. “ఇది ఎవరు రాశారక్కా?” అని అడిగింది.

ఆమెకు ఆ ప్రశ్న అర్థం కాలేదు.

“రాసేదేందమ్మా?” అంది. “మాట్లాడతాండాడు గదా.”

వాళ్ళు లేచారు. చెన్నకేశవులు గడప దగ్గర ఆగి, నసీమా వైపు చెయ్యెత్తి ఏదో అన్నాడు. వాళ్ళావిడ నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో ఏ లైను ఉందో నసీమాకు వినపడలేదు. చేతికర్ర చప్పుడు మెట్ల మీదుగా దూరమైంది.

గదిలో ఊదు పొగ పలచగా కదులుతోంది. నసీమా మణికట్టు మీద ఆయన పట్టుకున్న చోటును చూసుకుంటూ కూర్చుంది.

వెనక పూసలు తిరగడం ఆగింది.

“అనుమతి అడిగావు కదా బేటీ” అన్నాడు పీర్ సాబ్. “పెట్టుకో. పేరు చెప్పుకోవడం పాపమేం కాదు.”

నసీమా ఫోను తీసి, ఆయన చూస్తుండగానే ఆ వీడియో తుడిచేసింది.

“తీసెయ్యమని నేననలేదే!”

“మీరనలేదు, హజ్రత్.”

ఆ నాలుగు లైన్లు తనవేనని ఆయనకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచింది. కానీ వచ్చిన మాట వేరు.

“హజ్రత్, ఇందాక ఆయన చెప్పింది... నేను ఈ రోజే మొదటిసారి విన్నాను.”

పీర్ సాబ్ ద్వారం వైపు చూశాడు.

“నేనూ అంతే” అన్నాడు. “ప్రతి జుమేరాత్ వస్తాడు. ఇదే చెబుతాడు.”