హుబెర్ట్ కాచిన పుల్ల బీరు

యోరిస్ నాలుకకు ఆ నదిలోయ అంతటా పేరుంది. ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడంటే చాలు, బార్లీ ఎక్కువ మాడిందో, మొలక సరిగా రాకముందే ఎండబెట్టారో, పీపా కడగడంలో ఎక్కడ బద్ధకించారో చెప్పేసేవాడు. కాచినవాళ్లు దాచుకుందామనుకున్నది అతని ముందు దాగేది కాదు.

అతను ఉండేది బీరు కాచే సన్యాసుల మఠంలో. ఆ చలిదేశంలో వాళ్లకు ప్రార్థన ఎంతో కాగుల దగ్గర పనీ అంతే. రోజూ తాగడానికి గంజిలా పలచటిది, వేసవిలో అతిథుల కోసం మబ్బు పట్టినట్టుండే గోధుమ బీరు, ఉపవాస దినాల్లో రొట్టెకు బదులుగా చిక్కటి నల్లటి బీరు. వీటన్నిటికీ పెద్ద ఎవరార్డ్ అనే ముసలి సన్యాసి. యోరిస్ ఆయన శిష్యుడు.

ఒకరోజు కాగు కలుపుతున్న గురువు దగ్గరికి వచ్చి యోరిస్ నిలబడ్డాడు.

"ఫాదర్, నాకు బీరు రుచించడం లేదు."

"జ్వరమా?"

"జ్వరం కాదు. ఏది తాగినా అందులో తప్పే ముందు తెలుస్తోంది. భోజనాల దగ్గర బ్రదర్లంతా కప్పెత్తి తాగి, హాయిగా ఊపిరి వదులుతారు. నాకలా ఊపిరి వదిలి ఏళ్లయింది. విద్య పెరిగితే ఇంతేనా ఫాదర్?"

ఎవరార్డ్ కాగులోకే చూస్తూ కాసేపు తెడ్డు తిప్పాడు.

"ఈసారి పీపాల పండగలో రుచి నువ్వు చెప్పు" అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. అయినా యోరిస్ మరి రెట్టించలేదు. గురువు అంత పెద్ద పని తన చేతిలో పెట్టాడన్న సంతోషంలో అడిగిన సంగతే మరిచిపోయాడు.

కోతలయ్యాక ఏటా మఠం ముంగిట్లో ఆ పండగ జరిగేది. చుట్టుపక్కల ఊళ్లలో బీరు కాచేవాళ్లు తలా ఒక పీపా తెచ్చేవాళ్లు. మఠంలో పెద్ద ఒక్కొక్కటీ రుచి చూసి ఒక మాట అనేవాడు. ఆ మాట వినడానికే పూటకూళ్లవాళ్లంతా వచ్చి నిలబడేవాళ్లు. చలికాలమంతా ఎవరి బీరు తమ ఇంట పెట్టుకోవాలో అక్కడే తేల్చుకునేవాళ్లు. ఇన్నాళ్లూ ఎవరార్డ్ చెప్పేవాడు. ఆయన మాటలు పొదుపు. "బాగుంది" అనేవాడు. లేదంటే "ఇంకొన్నాళ్లు ఆగనివ్వండి" అనేవాడు. అంతే.

యోరిస్ అలా కాదు. బల్ల వెనక నిలబడి, పక్కన ఒక బకెట్ పెట్టించుకున్నాడు. గుక్క తీసుకుని, నోటినిండా తిప్పి, బకెట్లో ఉమ్మి, నీళ్లతో పుక్కిలించి అప్పుడు చెప్పేవాడు.

బార్లీని కట్టెల పొగమీద ఎండబెట్టి కాచిన బీరు తెచ్చాడొకడు. నోట్లో పోసుకుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. "పొగ బాగానే పట్టింది. కట్టె మాత్రం పచ్చిది" అన్నాడు యోరిస్. కాచినవాడు తెల్లబోయి తలూపాడు. ఇంకొకరి బీరులో, చేదు కోసం వేసే హాప్ పువ్వులు. "పువ్వులు పోయినేటివి." మరొకరిది తేనె కలిపిన ఎర్రబీరు. "తేనె తొందరపడి పోశావు. వేడి మీద పోస్తే పరిమళం ఆవిరితోనే పోతుంది." అన్నీ నిజాలే. జనం ఒకళ్లనొకళ్లు చూసుకుని మెచ్చుకుంటున్నారు. యోరిస్ గొంతు కొద్దికొద్దిగా పెరుగుతోంది.

చివరికి ఒక ఆడమనిషి తోపుడుబండి మీద పీపా తెచ్చుకుని నిలబడింది. పేరు లీస్బెత్. కొండమీది ఊరు. కప్పులో పోసింది. పాత ఇత్తడి రంగు. నురగ అంతంతమాత్రం. మన ఇళ్లలో గంజి పులియబెట్టిన తరవాణి కుండ మూత తీస్తే గుప్పుమంటుందే, ఇంచుమించు అలాంటి వాసన.

యోరిస్ గుక్క తీసుకున్న మరుక్షణం ఉమ్మేశాడు.

"ఇది పులిసి చెడిపోయింది. పందుల తొట్టిలో పోసుకోండి."

ఎవరో కిసుక్కుమన్నారు. లీస్బెత్ మొహం ఎర్రబడింది.

"అది అలాగే ఉంటుందయ్యా. మా కొండమీద అలాగే కాస్తాం."

"చెడగొట్టడాన్ని కూడా కాచడం అంటారా మీ కొండమీద?"

ఈసారి అందరూ నవ్వారు. పూటకూళ్లవాళ్లు పీపా వంక చూడడం మానేసి, మళ్లీ తేనెబీరు వైపు నడిచారు. ఆమె పీపా బిరడా దిగగొట్టుకుంటూ తల వంచుకుంది.

అప్పటిదాకా వెనక నిలబడిన ఎవరార్డ్ ముందుకొచ్చాడు. యోరిస్ బల్లమీద పెట్టేసిన కప్పు తీసుకున్నాడు. నిలబడిన చోటే నెమ్మదిగా, చుక్క మిగలకుండా తాగాడు. ఖాళీ కప్పు రెండు చేతులతో ఆమెకు అందించాడు.

"మీ నాన్న హుబెర్ట్ ఎలా ఉన్నాడమ్మా?"

"మంచం దిగడం లేదు ఫాదర్. అందుకే నేనొచ్చాను."

ఆయన తలూపాడు. ఆ సాయంత్రం శిష్యుణ్ణి మందలించలేదు. అది యోరిస్‌కు మందలింపు కంటే బరువుగా తోచింది.

మర్నాడు పొద్దున్నే ఎవరార్డ్ చేతికర్రతో యోరిస్ గది ముందు నిలబడ్డాడు. "పద" అన్నాడు.

ఇద్దరూ కొండదారి పట్టారు. రాత్రి వాన పడి దారంతా బురద. సగం ఎక్కాక యోరిస్ ఉండబట్టలేకపోయాడు.

"అది పుల్లగా లేదంటారా ఫాదర్?"

"పుల్లగానే ఉంది."

"మరి నేనన్నది తప్పెలా అవుతుంది?"

"తప్పని నేననలేదే" అన్నాడు గురువు. "అక్కడ జారుతుంది, చూసి కాలు పెట్టు."

లీస్బెత్ ఇల్లు ఊరి చివర ఉంది. కింద ఒక గది, పైన అటక. పొయ్యి పక్కన మంచంమీద హుబెర్ట్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. కాళ్లు వాచాయి. రెండు మాటలకు ఒకసారి ఊపిరి కూడదీసుకుంటున్నాడు. ఎక్కువ రోజులు లేవని చూడగానే తెలిసిపోతుంది.

వచ్చినవాళ్లను చూసి లీస్బెత్ గుమ్మంలోనే ఆగిపోయింది. యోరిస్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"నువ్వా ఎవరార్డ్!" ముసలాయన మొహం విప్పారింది. "మంచి వేళకొచ్చావు. పండగలో ఏమన్నారే అంటే ఈ పిల్ల మాట దాటేస్తోంది. పీపా తిరిగి తెచ్చుకుంది. నువ్వు చెప్పు. ఏమన్నారు?"

పొయ్యి ఎగదోస్తున్న లీస్బెత్ చెయ్యి ఆగిపోయింది.

పందుల తొట్టి అన్న మాట ఆ గదిలో ఎలా వినిపిస్తుందో యోరిస్‌కు మొదటిసారి తెలిసింది.

"రుచి చెప్పేది ఇతను. పేరు యోరిస్" అన్నాడు ఎవరార్డ్. "ఇతనింకా రుచి చూడలేదు. చూద్దామనే వచ్చాడు."

గురువు నోట అబద్ధం వినడం యోరిస్ ఎన్నడూ ఎరగడు. ఉలిక్కిపడి చూశాడు. ఆయన అప్పటికే గూట్లోంచి కప్పులు తీశాడు. మూలనున్న పీపాలోంచి తానే వంపి, ఒకటి శిష్యుడి చేతిలో పెట్టాడు. ఒకటి తాను పట్టుకుని, మంచం పక్క పీటమీద కూర్చుని కప్పులోకి చూసుకుంటూ ఉండిపోయాడు.



'బాగుంది' అనేస్తే పోయేది. లీస్బెత్ చూపు అదే వేడుకుంటోంది. పోయేముందు మనిషికి ఒక్క మంచిమాట. కానీ యోరిస్ రుచి విషయంలో ఇంతవరకు అబద్ధమాడలేదు. హుబెర్ట్ కళ్లముందు ఆడలేడు కూడా. ముసలాయన అతని నోటినే చూస్తున్నాడు, తన చేత్తో పెంచిన బిడ్డను ఎవరైనా ఎత్తుకుంటే చూసినట్టు.

యోరిస్ తాగాడు.

పులుపు. నిన్నటి పులుపే. దవడలు లోపలికి లాగాయి. నిన్నటి మాటే నాలుక చివరికొచ్చింది. ఉమ్మడానికి ఇక్కడ బకెట్ లేదు. మింగాడు.

మింగాక ఏదో మిగిలింది. అదేమిటో పట్టుకునేలోగా జారిపోయింది.

"ఇది ఎలా కాస్తారు?" అని అడిగాడు. ఆ ప్రశ్న నిన్న ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

హుబెర్ట్ ఆగి ఆగి చెప్పాడు. చలి ముదిరాకే కాస్తారట. కాచినదాన్ని అటకమీద వెడల్పాటి తొట్టిలో పోసి, కిటికీ తలుపులన్నీ బార్లా తీసి, ఒక రాత్రంతా వదిలేస్తారట. "పులియడానికి మేం ఏమీ వెయ్యం నాయనా. గాలిలో ఏదొస్తే అదే. కింద ఆపిల్ తోట. పక్కన గడ్డివాములు. మా ఇంటి దూలాలకు మా తాతల నాటి నుంచీ పట్టుకున్నదేదో ఉంది. అవన్నీ వచ్చి చేరతాయి. తర్వాత పీపాలో పోసి మరిచిపోవాలి. తొందరపడేవాళ్ల పని కాదు ఇది."

ఊపిరి కోసం ఆగాడు.

"ఇప్పుడు నువ్వు తాగేది ఈ పిల్ల వాళ్లమ్మ ఉండగా కాచింది. ఆ రాత్రి అటక కిటికీలు తీసింది ఆవిడే. మళ్లీ చలికాలం రాకముందే పోయింది."

లీస్బెత్ మొహం గోడవైపు తిప్పుకుంది.

యోరిస్ మళ్లీ తాగాడు. ఈసారి తిప్పలేదు, వెతకలేదు. నోట్లో దాన్ని ఉండనిచ్చాడు. పులుపు వచ్చింది, గట్టిగా పలకరించి పక్కకు తప్పుకుంది. దాని వెనక నుంచి ఒక్కొక్కటే వచ్చాయి. ఆపిల్ తొక్క. ఎండుగడ్డి. వానకు తడిసి ఆరిన పాత చెక్క. ఆ తర్వాత, గొంతు దిగాక, ఎక్కడో లోపలినుంచి చల్లగా వచ్చేదొకటి. దానికి పేరు కోసం తడుముకున్నాడు. ఇన్నేళ్లలో నేర్చుకున్న పేర్లన్నీ తిరగేశాడు. ఏదీ సరిపోలేదు.

"చెప్పు నాయనా" అన్నాడు హుబెర్ట్.

"పులుపుంది" అన్నాడు యోరిస్. "మొదట నాకు అదొక్కటే తెలిసింది. దాని దగ్గరే ఆగిపోయాను. తోట ఉంది. గడ్డి ఉంది. మీ ఇంటి చెక్క ఉంది. చివర్లో ఇంకొకటి ఉంది. అదేమిటో నాకు తెలియడం లేదు."

ముసలాయన చాలాసేపు అతన్నే చూశాడు.

"నాకూ తెలియదు" అన్నాడు. "మా నాన్నకీ తెలియలేదు."

యోరిస్ ఖాళీ కప్పు లీస్బెత్ వైపు చాచాడు. "కొంచెం పొయ్యండమ్మా" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని వచ్చి, కప్పు నిండా పోసింది. నిన్న అన్న మాటకు క్షమించమని అతను మెల్లగా, ఆమెకు మాత్రమే వినిపించేలా అన్నాడు. ఆమె ఒక రొట్టెముక్క తెచ్చి అతని ముందు పెట్టింది.

హుబెర్ట్ ఆ చలికాలం దాటలేదు. అయితే ఆ పూట మాత్రం తానూ రెండు గుక్కలు అడిగి తాగి, ఎవరార్డ్‌తో పాత కోతల సంగతులు మాట్లాడుతూ, మధ్యలోనే నిద్రలోకి జారుకున్నాడు.

దిగివచ్చే దారిలో, లోయ మొదట్లో ఒక పూటకూళ్ల ఇల్లుంది. దాని యజమాని నిన్న పండగలో అందరికంటే గట్టిగా నవ్వినవాడు. యోరిస్ గురువును అడక్కుండానే లోపలికి నడిచాడు. బల్లల దగ్గర బండివాళ్లు, రైతులు కూర్చుని ఉన్నారు. అందరూ వింటుండగా చెప్పాడు.

"నిన్న హుబెర్ట్ గారి బీరు చెడిపోయిందని నేనన్న మాట తప్పు. అది చెడిపోలేదు. నేనే సరిగా రుచి చూడలేదు. చూడకుండానే నోరు జారాను. అడిగినవాళ్లకు ఈ మాట కూడా చెప్పండి."

ఎవరూ నవ్వలేదు. యజమాని ఇబ్బందిగా బల్ల తుడిచాడు. అతను తర్వాత కొండెక్కి పీపాలు దింపించుకున్నాడు గానీ, అప్పటికి "కూర్చోండి బ్రదర్. నడిచొచ్చారు" అని మాత్రం అని, ఇద్దరి ముందూ తమ ఇంట్లో కాచే మామూలు బీరు పెట్టాడు. పెట్టాక బెదురుగా అన్నాడు.

"ఇది మీ నాలుకకు తగ్గది కాదు. పొలం నుంచి వచ్చినవాళ్ల దాహానికని కాస్తాం."

ఎవరార్డ్ తనది తాగి, మూతి తుడుచుకుని, కర్ర అందుకుని లేచాడు. సాయంత్రం ప్రార్థనకు వేళవుతోంది.

యోరిస్ కప్పు రెండు చేతుల్లో పట్టుకున్నాడు. పలచటి, లేతపసుపు బీరు. నెమ్మదిగా, ఆపకుండా, అడుగుదాకా తాగాడు. తాగి పొడుగ్గా ఊపిరి వదిలాడు. అలా వదిలినట్టు అతనికే తెలియదు.

యజమాని తీర్పు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఇది కాచిందెవరు?" అని అడిగాడు యోరిస్.

"మా ఆవిడ, బ్రదర్. ఏం?"

"ఒకసారి పిలుస్తారా? ఎలా కాస్తారో అడగాలి."

లేచిన ఎవరార్డ్, కర్రను గోడకు చేర్చి మళ్లీ కూర్చున్నాడు.