కిటికీలో పింగాణి కుక్క

పొద్దున్న కిటికీలో పింగాణి కుక్క మొహాన్ని ఇంట్లోకి తిప్పింది నువ్వేనా బుల్లెమ్మా? నిజం చెప్పు, కొట్టనులే. దాన్ని చూసి మీ నాన్న ఓడ దిగి వచ్చేశాడనుకుని, చెప్పులైనా లేకుండా వీధి గుమ్మం దాకా పరిగెత్తాను. ఇలా దగ్గరికి రా. దాని కథ చెబుతాను, విను.

అనగనగా ఇంగ్లండులో ఒక రేవు ఊళ్ళో, సముద్రంలోకి దిగిపోతున్నట్టుండే ఒక వీధి. ఆ వీధి నిండా పబ్బులే. పబ్బంటే తాగేవాడికి సారాకొట్టు, ఆకలేసినవాడికి పూటకూళ్ళిల్లు, ఊసుపోనివాడికి రచ్చబండ. ఒక పబ్బుకి తిమింగలం దవడ ఎముకలే ద్వారబంధం! అన్నిటికంటే పాతది నల్ల లంగరు పబ్బు. బద్దలైన ఓడల దుంగలతో కట్టారు దాన్ని. గాలేస్తే గోడలు ఓడలాగే కిర్రుకిర్రుమనేవి.

ఆ ఊళ్ళో దిగింది మా అమ్మమ్మ నూకాలు. దొరగారి పసిబిడ్డకి ఆయాగా కాకినాడలో ఓడెక్కింది. దారి పొడవునా ఆ బిడ్డ వాంతులన్నీ తనే ఎత్తిపోసింది. రేవులో దిగీ దిగగానే దొరసాని బిడ్డని అందుకుని, "ఇంక నీతో పనిలేదు" అని బండెక్కి వెళ్ళిపోయింది. నూకాలు తన మూటతో రేవులోనే నిలబడిపోయింది. అమ్మో, అలాంటి మనుషులు కూడా ఉంటారా!

అప్పుడు నల్ల లంగరు నడిపే మార్తమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. తలదాచుకోను పై గది ఇచ్చింది. ఊడ్చి తుడిచే పనిచ్చింది.

మార్తమ్మ మొగుడు థామసు ఓడ మీద పనిచేసేవాడు. ఆ ఓడ రావలసిన నాటికి రాలేదు. మునిగిపోయిందని ఊరంతా అనేది, మార్తమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. ఆమె కిటికీలో రెండు తెల్ల పింగాణి కుక్కలు సముద్రంవైపు మొహాలు పెట్టుకుని కూర్చునేవి.

ఒకరోజు మార్తమ్మ బజారుకెళ్ళింది. బయట పొగమంచు కమ్మేసింది. నూకాలు కిటికీ తుడుస్తూ ఆ కుక్కల్ని చూసింది. "దసరా బొమ్మల కొలువులో ఏ బొమ్మైనా ఇంటివాళ్ళకి వీపు పెడుతుందా? ఎంత తప్పు!" అనుకుని, రెండింటినీ తుడిచి శుభ్రంగా లోపలికి తిప్పి పెట్టింది.

అక్కడే కొంప మునిగింది. ఆ ఊళ్ళో మగవాడు సముద్రం మీదుంటే కుక్కలు బయటికి చూడాలి. అతను ఇల్లు చేరాకే వాటిని లోపలికి తిప్పాలి. ఆ సంగతి నూకాలుకి ఎవరు చెప్పారు గనక!

ముందు చేపలమ్మే ఆవిడ కుక్కల వీపులు చూసింది. నెత్తిన తట్ట జారిపోయింది. "థామసొచ్చాడు!" అని ఒకటే కేక. అప్పుడు పబ్బుల్లో తాగేవాళ్ళంతా వీధిలో పడ్డారు. ఆ తర్వాత ఎవడో గుట్టెక్కి చర్చి గంట గణగణా మోగించాడు.

మార్తమ్మ పడుతూ లేస్తూ వచ్చింది. "ఏడీ? ఏడీ నా థామసు?" అంటూ గదిగదీ వెతికింది. ఎక్కడున్నాడే, పాపం! తుడుపుగుడ్డ పట్టుకుని నూకాలు ఒక్కతే నిలబడి ఉంది.

"కుక్కల్ని నేనే తిప్పానమ్మా" అంది.

మార్తమ్మ ఉన్నచోటే కూలబడిపోయింది. "దీన్ని ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడికే గెంటెయ్!" అని అరిచింది చేపలావిడ. నూకాలు మూట సర్దుకుని తనే రేవుకి నడిచింది. పోవడానికి మాత్రం చోటేది? గుట్ట మీదవాడికి ఇదేమీ తెలీదు, గంట కొడుతూనే ఉన్నాడు.

అప్పుడు ఏమైందనుకున్నావ్? పొగమంచులోంచి చిన్న పడవ బయటపడింది! అందులో ముగ్గురు మనుషులు, గడ్డాలు మాసి, బొమికలు తేలి ఉన్నారు.

"ఓడ మునిగిపోయింది తల్లీ. ఒడ్డెటో తెలీక రాళ్ళమీదికి పోతున్నాం. ఆ గంట విని ఇటు తిరిగాం. ఎవరు కొట్టించారో గానీ, వాళ్ళ కడుపు చల్లగా!" అన్నాడు ఒకడు.

"నువ్వెవరు బాబూ?"

"థామసుని. నల్ల లంగరు మార్త మొగుణ్ణి."

నూకాలు చేతిలో మూట నీళ్ళలో పడిపోయింది.

ఆ తర్వాత థామసు కాకినాడ వచ్చే ఓడెక్కినప్పుడు నూకాలుని వెంటబెట్టుకొచ్చాడు. బయల్దేరేటప్పుడు మార్తమ్మ ఒక కుక్కని ఆమె ఒళ్ళో పెట్టింది. "రెండోది నా కిటికీలో సముద్రంవైపే చూస్తుంటుంది. నువ్వు ఇల్లు చేరావని ఈయన వచ్చి చెప్పాకే లోపలికి తిప్పుతాను" అంది.

అదేనే మన కిటికీలో కుక్క. అందుకే మీ నాన్న వచ్చాక తప్ప దాన్ని...

అదేమిటి, ఏడుస్తున్నావా? ఏమన్నావూ? కుక్కని తిప్పేస్తే నాన్న వచ్చేస్తాడని తిప్పావా? ఓసి నా తల్లీ! రా, ఒళ్ళో పడుకో. ఈ రాత్రికి అలాగే ఉండనీ, రేపు ఇద్దరం కలిసి దాన్ని బయటికి తిప్పుదాం. నాన్న వచ్చేటప్పుడు అందరికంటే ముందు అదే చూడాలి కదా.

కథ కంచికి,
కుక్క కిటికీకి,
ఓడ రేవుకి,
మీ నాన్న ఇంటికి.