చలితో వచ్చిన నలుపు

ఒక్క మాటంటే చాలు ఉడుక్కునే నీలాచలం విశాఖపట్నంలో విదేశీ కొండచిలువలను పెంచుతూ ఉండేవాడు. ముదురు రంగు పాములను ఏరి ఏరి జతకట్టించి, చివరికి ఒక నల్లని పిల్లను పుట్టించాడు. దానికి కాటుక అని పేరు పెట్టి ప్రాణంగా పెంచాడు. అది పెరిగి మనిషి కంటే పొడవైంది, నలుపు మాత్రం కాస్త వెలిసింది. పాములు పెంచేవాళ్ళ పోటీలో అన్నిటికంటే నల్లనిదానికి వెండి కప్పు ఇచ్చేవారు. ఆ కప్పు మీద నీలాచలానికి ఎన్నాళ్ళనుంచో కన్నుంది.

పోటీ దగ్గర పడుతుండగా జగ్గారావు వచ్చాడు. అతనూ పాములు పెంచేవాడే.

"ఏటి నీలాచలం, నల్లపామన్నావు! ఇదేటి, చింతపండు రంగులో ఉంది?" అని పకపకా నవ్వాడు.

కన్నబిడ్డలా పెంచిన పామును చింతపండంటే ఎవరికి మాత్రం మండదు చెప్పండి! కొండచిలువకు చలి పెడితే రంగు ముదురుతుందని పెంచేవాళ్ళకు తెలుసు. నీలాచలం తిన్నగా వెళ్ళి, కాటుక ఉండే పెట్టెను వెచ్చగా ఉంచే హీటరు మీద చెయ్యి వేశాడు.

"నిన్ననే కదా కోడిని మింగింది! వేడి లేకపోతే దానికెలాగ అరుగుతాది?" అంది భార్య వరహాలమ్మ.

"ఏం కాదులే! ముందు వాడి నోరు మూయించాలి" అని హీటరు కట్టేశాడు.

కాటుక నిజంగానే నల్లబడింది. నీలాచలం పొంగిపోయాడు. కానీ అది మింగిన కోడిని కక్కేసింది. తరవాత నోరు తెరిచి, గురగురమంటూ ఊపిరి తీయసాగింది.

"నా రోషానికి నిన్ను చంపుకునేవాణ్ణే" అని నీలాచలం దాన్ని పట్టుకుని ఏడ్చాడు.

పశువుల డాక్టరు చెప్పినట్టు వేడి పెట్టి, మందులు వేసి చూసుకుంటే కాటుక నెమ్మదిగా కోలుకుంది. రంగు మాత్రం మళ్ళీ చింతపండే. ఆ రంగుతోనే దాన్ని పోటీకి తీసుకెళ్ళాడు. పక్క బల్ల మీద జగ్గారావు పాము నల్లగా నిగనిగలాడుతోంది.

"దీన్ని ఇక్కడికి తేవడానికి నీకు సిగ్గులేదా?" అన్నాడు జగ్గారావు.

"లేదు!" అన్నాడు నీలాచలం. న్యాయనిర్ణేత వైపు తిరిగి, "అయ్యా, చూసి కాదు, ముట్టుకుని చెప్పండి!" అన్నాడు.

ఆయన కాటుకను ముట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. తరవాత జగ్గారావు పామును ముట్టుకుని ఆయన ఉలిక్కిపడ్డాడు. అది కుండనీళ్ళలా చల్లగా ఉంది, గురగురమంటోంది. "నేనూ హీటరు కట్టేశాను" అని జగ్గారావు ఒప్పుకున్నాడు.

"కప్పు ఎవరికైనా ఇచ్చుకోండి. ముందు ఆ పాముకి వేడి పెట్టండి!" అని నీలాచలం అందరికీ వినిపించేలా అరిచాడు.

నీతి: ఎవరెంత నవ్వినా సరే, మన గొప్ప కోసం మనల్ని నమ్ముకున్న ప్రాణిని బాధపెట్టకూడదు.