ఒక్కడే కోసిన తొడిమలు

నూజివీడు దగ్గర రాఘవమ్మగారి మామిడితోటలో చక్రధర్ అని ఒక ఇంటర్ కుర్రాడు పనిచేసేవాడు, వాడికి తన చెయ్యి తప్ప లోకంలో ఇంకెవరి చెయ్యీ నచ్చేది కాదు.

రాఘవమ్మగారు ఏటా వేసవి సెలవుల్లో ఊళ్లో చదువుకునే పిల్లల్ని జీతమిచ్చి కాయకోతకు పెట్టుకునేవారు. వాళ్లలో ఒకరిని జట్టుకు పెద్దగా నిలబెట్టేవారు. ఆ ఏడు ఆ పెద్దరికం చక్రధర్‌కి దక్కింది.

ఆ ఏటి ఎండ సంగతి ఏం చెప్పమంటారు! చెట్ల నీడలు కూడా ఎండకు తాళలేక చెట్ల మొదళ్లలో దూరి దాక్కున్నాయి. అంత ఎండలో వాడు చేసిన చాకిరీ చూస్తే భీముడు గద పక్కన పెట్టి చేతులు కట్టుకునేవాడు!

మామిడికాయను పొడుగాటి తొడిమతో కొయ్యాలి. తర్వాత తొడిమను పొట్టిగా కత్తిరించి, కాయను తలకిందులుగా పెడితే సొన నేలకు కారిపోతుంది. అది కాయ మీదికి కారిందా, మర్నాటికల్లా నల్లటి మచ్చ. రాఘవమ్మగారు ఈ పని చక్రధర్‌కి చూపించి, "జట్టందరికీ నేర్పు నాయనా" అన్నారు.

వాడు నేర్పలేదు. పిల్లలు కోసుకొచ్చిన కాయల్ని షెడ్డు గుమ్మంలోనే అందుకుని, వాళ్లని మళ్లీ చెట్ల మీదికి తోలి, తొడిమలన్నీ తానొక్కడే కత్తిరించేవాడు. ఒకసారి జట్టులోని ఝాన్సీ లోపలికొచ్చి కత్తెర పట్టుకుంది.

"అట్టా కాదు, ఇటియ్యి!" అన్నాడు.

"ఎట్టాగో చెప్పు మరి."

"చెప్పేలోపు నేను గంపెడు కోస్తా."

"కోసుకో. ఆ కత్తెరనే పెళ్లి కూడా చేసుకో" అంది ఝాన్సీ. గుమ్మంలో కాయల గంపతో నిలబడ్డ జట్టు కుర్రాడు నాగూర్ పకపకా నవ్వాడు.

రోజులు గడిచేకొద్దీ చక్రధర్ వేళ్లు వాచాయి. ముద్ద నోటిదాకా ఎత్తడానికి కూడా ఓపిక ఉండేది కాదు. "ఒక్కడికీ పని చేతకాదు" అని గొణుక్కుంటూ షెడ్డులోకి పోయేవాడు.

ఒక పొద్దున రాఘవమ్మగారు అందరినీ పిలిచారు. "సాయంత్రం కొత్త బేరగాడి వ్యాను వస్తుంది. సరుకు మచ్చ లేకుండా చేరితే సీజనంతా మన కాయే కొంటాడు, సెలవులయ్యేదాకా మీకు పని ఉంటుంది. లేదంటే తోట గంపగుత్తగా షావుకారికి ఇచ్చేస్తాను, అతని కూలీలే కోసుకుంటారు" అని చెప్పి, పెట్టెలు తేవడానికి పట్నం వెళ్లారు.

మధ్యాహ్నానికి షెడ్డులో కాయల కుప్ప కొండలా లేచింది. చక్రధర్ కత్తెర ఆడుతుంటే ఆ గాలికి పక్క తోటలో పిందెలు రాలాయి! కానీ మనిషి మనిషే. కళ్లు బైర్లు కమ్మి కుప్ప పక్కనే కూలబడ్డాడు. నాగూర్ మొహాన నీళ్లు చల్లాడు. "ఎవరూ ముట్టుకోవద్దు" అని గొణిగి చక్రధర్ సొమ్మసిల్లి పడుకున్నాడు.

సాయంత్రం, రాఘవమ్మగారు పట్నంలో ఎక్కించి పంపిన పెట్టెలతో వ్యాను వచ్చి హారన్ కొట్టింది.

"పాపం, వాడి పేరు పోతుంది. మనమే కానిద్దాం పదండి" అంది ఝాన్సీ.

ఉన్నది ఒక్క కత్తెర. మిగతావాళ్లు తొడిమలు చేత్తో విరిచారు. సొన చిమ్మితే తువ్వాలుతో తుడిచి, ముద్దుగా తొడిమ పైకి పెట్టి పెట్టెలు నింపారు. కాయలు నిగనిగలాడుతూ వెళ్లాయి.

మర్నాడు బేరగాడి నుంచి ఫోను వచ్చింది. కాయలన్నీ నల్లబడ్డాయి. ఇక ఆ తోట కాయ తనకొద్దన్నాడు.

రాఘవమ్మగారు అందరికీ అప్పటిదాకా అయిన జీతం ఇచ్చి, "రేపట్నుంచి రాకండమ్మా" అన్నారు నీరసంగా.

"నేను పడిపోకపోతే ఒక్క కాయ పాడయ్యేది కాదమ్మగారూ. వీళ్లకి చేతకాలేదు" అన్నాడు చక్రధర్.

ఝాన్సీ సొనకు పొక్కిన అరచేతులు చూపించింది. "నేర్పమంటే నేర్పావా?" అంది. కోప్పడే ఓపిక కూడా ఆ పిల్లకు లేదు.

"పడిపోవడం తప్పు కాదు నాయనా" అన్నారు రాఘవమ్మగారు. "నువ్వు పడితే పనంతా పడిపోయేలా పెట్టావు చూడు, అదీ తప్పు."

పిల్లలంతా కాళ్లీడ్చుకుంటూ గట్టు మీద ఇళ్లకు పోతుంటే, చక్రధర్ అందరి వెనకాల నడిచాడు.

పెద్దరికమంటే అందరి పనీ ఒక్కడే మొయ్యడం కాదు, తాను లేని రోజున కూడా పని సాగేలా నలుగురికీ నేర్పడం.