నక్కనాడ కాజా

అడవి అంచున సెల్ టవరు లేచిన ఏడాదే, పక్కనున్న మద్దిచెట్టు తొర్రలో లైబ్రరీ వెలిసింది. పెట్టింది కాకమ్మ. వనభోజనాలకొచ్చిన మనుషులు పారేసి పోయిన పుస్తకాలూ, మరిచిపోయిన ఒక ట్యాబూ, అంతే పెట్టుబడి. పిల్లలకు పనికొచ్చేదల్లా 'తొర్ర పాఠాలు' అని బ్లాగులో రాసేది. ఉచ్చు ఎలా ఉంటుంది, ఏ పుట్టగొడుగు తింటే చస్తాం, మనుషుల ఊళ్లెక్కడున్నాయి, అన్నీ అందులోనే. కాకపోతే ఆవిడకో జబ్బు. పాఠం పాఠానికీ 'కాకి చెప్పేదేమంటే' అని తన పేరు ఇరికించకపోతే తిన్నది అరిగేది కాదు. పోనిద్దురూ, రాసేవాళ్లకు ఆ మాత్రం ఉంటుంది.

సాయంత్రమైతే కుందేలు పిల్లలూ జింక పిల్లలూ తొర్ర చుట్టూ చేరేవాళ్లు.

ఒకరోజు ఎద్దు పంతులుగారి నుంచి కాకమ్మకు బడికి రమ్మని కబురొచ్చింది. వెళ్లేసరికి పిల్లలూ తల్లులూ కూర్చుని ఉన్నారు. ముందు వరసలో నక్కబావ, చేతులు కట్టుకుని, మెడ వంచుకుని. నక్క వినయాలు వేరే చెప్పాలా!

సంగతేమంటే, కాకమ్మ పాఠాలే నక్కబావ బ్లాగులోనూ ఉన్నాయి. పైగా తేదీలు ఆవిడవాటికన్నా ముందువి. అసలు రాసినవాళ్లకే లైబ్రరీ అప్పగిస్తామని పంతులుగారు తేల్చి చెప్పారు.

తేదీ ఎవరికి కావాలంటే వాళ్లు వెనక్కి జరుపుకోవచ్చని కాకమ్మ మొత్తుకుంది.

"కాకమ్మ కథలు, పంతులుగారూ. నాకు పేరొద్దు, పదవొద్దు. రోజూ సాయంత్రం ఈ పసివాళ్లు నా దగ్గరకొస్తే చాలు," అన్నాడు నక్కబావ.

అంటూనే బొద్దుగా ఉన్న కుందేలు పిల్ల వంక చూసి గుటక మింగాడు. కాకమ్మకు అప్పుడర్థమైంది. వీడికి కావలసింది లైబ్రరీ కాదర్రా, పిల్లలు! ఆ మాట పైకంటే ఓడిపోయే కాకి ఏడుపంటారు. నోరు మూసుకుని నక్క బ్లాగు తెరిచింది.

'నక్క చెప్పేదేమంటే' అని మొదలైంది. కింద ఊళ్ల పాఠంలో, 'సముద్రం ఒడ్డున నక్కనాడ. అక్కడి కాజా చాలా రుచి' అని ఉంది.

కాకమ్మకు నవ్వాగలేదు. కాకి అని ఉన్నచోటల్లా నక్క అని మార్చమని ఒక్క మీట నొక్కాడన్నమాట. నొక్కాక చదవను కూడా లేదు.

నక్కనాడ ఎక్కడుందని అడిగితే నక్కబావ తడుముకోలేదు. తన ముత్తాత కట్టించిన ఊరేనని, కాజా కూడా వాళ్లింటి వంటేనని చెప్పాడు. తల్లులు నిజమే కాబోలని తలలూపారు. ఔరా అనుకుంది కాకమ్మ.

ఇలా లాభం లేదని, నక్క బ్లాగులోంచే ఇంకో పాఠం చదవమని పంతులుగారిని బతిమాలింది. ఆయన చదువు కూడా నెమరే, ఒక్కో మాటా నమిలిగానీ మింగరు.

"గుంపు విడిచి... ఏనక్కగా తిరిగే పిల్ల..." అని ఆగిపోయారు. "ఏనక్క అంటే ఏమిటయ్యా?"

కాకమ్మ రెక్కలు బిగబట్టుకుంది.

"అంత తెలియనిదేముంది పంతులుగారూ? ఏ నక్కతోనైనా అని. ఏ నక్క వెంట తిరిగినా పిల్లకు భయం లేదని నా తాత్పర్యం."

"అలాగా," అని పంతులుగారు తాపీగా మిగతాది చదివారు. "...ఇల్లు చేరదు."

కుందేలు తల్లి పిల్లను చంకనేసుకుంది.

"అది ఏకాకి, పంతులుగారూ," అంది కాకమ్మ. "ఒంటరిగా తిరగొద్దర్రా అని పిల్లలకు రాసుకున్న పాఠం. కాకి కనిపించిందని అందులోనూ నక్కను దూర్చాడు."

పంతులుగారు కొమ్ములు వంచేసరికి నక్కబావ తోక ముడిచి పొదల్లో పడ్డాడు. ఆ పూటే కాకమ్మ పాఠాలన్నిట్లోంచీ తన పేరు తీసేసింది. ఈసారి మీట నొక్కలేదు, ఒక్కొక్కటీ చదువుకుంటూ తీసింది.

నక్కబావ ఇప్పటికీ ఆ అడవిలోనే ఉన్నాడు. తోడెవరూ రారు. దూరంగా కనబడితే చాలు, పిల్లలు "ఏనక్కా!" అని కేకేసి గుంపులో కలిసిపోతారు.

ఎత్తిరాసిన పాఠాన్నయినా ఒకసారి చదువుకోవాలి.